పొట్టేలు బొమ్మ తలుపు

మా దిక్కు పల్లెల్లో కొన్ని బండ్లను బాగు చేయించరు. జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో ఏ కళ్లం మూలనో, ఏ వామి చాటునో ఒక జీపో ట్రాక్టరో తుప్పు పట్టి నిలబడి ఉంటుంది. "ఇంత మంచి బండిని ఇట్లా వదిలేశారేమిటి?" అని ఎవరైనా అడిగారంటే వాడు పరాయివాడని తెలిసిపోతుంది. ఊళ్లోవాళ్లు అడగరు. ఆ బండిలో ఆ ఇంటి మనిషి ఎవరో పోయి ఉంటాడు. చంపినవాళ్లకు జవాబు చెప్పేదాకా దాన్ని కడగకూడదు, అద్దం మార్చకూడదు, అమ్మకూడదు. బాగు చేయించారంటే పోయినవాణ్ణి వదిలేసుకున్నారని అర్థం. ఆ ఇంట్లో మగవాళ్లు లేరని కూడా అంటారు.

ముప్పై ఏళ్లు ప్రొద్దుటూరులో టింకరింగ్ షెడ్డు నడిపినవాణ్ణి నేను. సొట్టలు తీయడం, తుప్పు రేకు కోసి కొత్తది అతకడం, రంగు వేయడం నా పని. ఈ కట్టుబాటు సంగతి సుత్తి పట్టకముందే నాకు తెలుసు. తెలిసీ అలాంటి బండి ఒకటి బాగు చేశాను. బాగు చేసినందుకు నాకు విచారం లేదు. ఆ పనిలో ఒక ముఖ్యమైన భాగం చేయకుండానే చేశానని చెప్పాను. ఏళ్లు గడిచినా నన్ను తింటున్నది అదే.

ఆమె వచ్చింది ఎండాకాలం మధ్యాహ్నం. అన్నం తిని షెడ్డులో బల్ల మీద నడుం వాల్చాను. "అన్నా" అన్న పిలుపు వినపడి లేచి చూస్తే, కొంగు నెత్తిన కప్పుకుని వాకిట్లో నిలబడి ఉంది. పెద్దముడియం దగ్గర ఒక పల్లె ఆమెది. చూసి పదిహేనేళ్లయినా గుర్తుపట్టాను. ఆమె భర్త వ్యానుకు బాడీ కట్టింది నేనే.

ఆ ఇంటివాళ్లు గొర్రెల కాపరులు. మందలు తోలుకుని తిరిగి తిరిగి, చివరికి నాలుగెకరాల నల్లరేగడి సంపాదించి శనగ వేసేవాళ్లు. ఆమె భర్త ఒక పాత డీజిల్ వ్యాను, ముక్కు పొట్టిది, ఎక్కడో కొని నా దగ్గరికి తెచ్చాడు. వెనక భాగం తీసేయించి తుమ్మచెక్కతో కటకటాలు కట్టించుకున్నాడు. సంత రోజున గొర్రెలు, కోతల కాలంలో శనగ మూటలు మోయడానికి. డ్రైవరు తలుపు మీద పొట్టేలు బొమ్మ వేయమన్నాడు. "ఏ పొట్టేలప్పా?" అని ఎకసెక్కంగా అడిగాను. మర్నాడు నిజంగానే తన పొట్టేలును పట్టుకొచ్చి షెడ్డు గుంజకు కట్టేశాడు, చూసి రాయమని. అది నా పచ్చరంగు డబ్బాను ఒక్క కుమ్ము కుమ్మింది. దాని కొమ్ములు కిరసనాయిలుతో కడగడానికి మా ఇద్దరికీ పూట పట్టింది. నవ్వలేక చచ్చాం. ఎన్నో లారీలకు చిలకలు, నెమళ్లు వేశాను గానీ, నా చేతిలో బతికొచ్చిన బొమ్మ ఆ పొట్టేలొక్కటే.

ఆయన ఏ పార్టీ మనిషీ కాదు. కానీ మా దగ్గర బండి ఉన్నవాణ్ణి పార్టీ లేకుండా బతకనివ్వరు. ఓట్ల రోజున ఊరి నాయకుడు అడిగితే కాదనలేక ఆయన మనుషుల్ని ఎక్కించుకుని పోలింగు బూతు దగ్గర దించాడు. అక్కడ జరిగిన గలాటాలో అవతలి వర్గం ఇంటి పిల్లవాడొకడు చనిపోయాడు. చంపినవాళ్లు దిగింది పొట్టేలు బొమ్మ వ్యానులోంచేనని అందరూ చూశారు. ఎనిమిది రోజుల తర్వాత ఆయన శనగ మూటలతో జమ్మలమడుగు వస్తుంటే కల్వర్టు దగ్గర నాటుబాంబులు వేశారు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. కేసు నడిచింది, సాక్షులు నిలబడలేదు, కొట్టేశారు. వ్యానును మాత్రం తెచ్చి కళ్లంలో నిలబెట్టారు.

"అన్నా, బండి బాగు చేయాల" అంది ఆమె.

"ఏ బండిమ్మా?" తెలిసే అడిగాను.

"మాకు ఇంగో బండి యాడుందన్నా? అదే."

"మీ బావకు తెలుసునా?" బావంటే భర్త అన్న. తమ్ముడు పోయిన తర్వాత ఆ ఇంటికి పెద్ద ఆయనే.

"తెలిస్తే కదలనిస్తాడా? వచ్చే వారం పులివెందులకు పెండ్లికి పోతాండాడు. మూడు దినాలు రాడు. ట్రాక్టరుకు కట్టి లాక్కొస్తా. నువ్వు చేస్తావా, చేయవా?"

చేయనని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నా కొడుకు ఒకట్లు యాడ నేర్చుకున్యాడో ఎరుకనా నీకు? బళ్లో గాదు. వాళ్ల పెద్దనాయన వాన్ని సంకనేసుకోని పోయి ఆ తలుపు కాడ నిలబెట్టి, వేలు పట్టుకోని చిల్లులు లెక్కపెట్టించినాడు. ఒకటి, రెండు, మూడు... పదిహేడు. అప్పుడు వానికి అయిదేండ్లు. ఇప్పుడు ఇరవై. ఇంగా లెక్కపెట్టిస్తానే ఉండాడు. వాడు పెరిగే కొద్దీ అవతలోళ్లు గూడా చూస్తాండారన్నా, వీనికి మీసాలొచ్చినాయి, మన మీదికి రాకముందే మనమే చూసుకుందామని. ఆ బండి అట్ల నిలబడి ఉన్నన్ని దినాలు నా కొడుకు ఉత్తపుణ్యానికి పోతాడు. అదే బండి శనగ మూటలేసుకోని రోడ్డు మీద తిరిగితే? వీళ్లు ఇడిసిపెట్టినారని అటోళ్లకూ తెలుస్తాది, ఇటోళ్లకూ తెలుస్తాది. నా కొడుకు బతుకుతాడు."

కొంగు సర్దుకుని మళ్లీ అంది. "నాయకులిద్దరూ ఒకే పార్టీ కండువా కప్పుకున్యారు. జమ్మలమడుగులో స్టేజీ ఎక్కి ఒకరికొకరు లడ్లు తినిపించుకున్యారు. వాళ్ల కార్లన్నీ బాగనే తిరుగుతాండాయి గదా. మా బండి ఒక్కటే కదలగూడదా?"

సరేనన్నాను. అప్పుడు ఆమె ఒక షరతు పెట్టింది. బండంతా బాగు చేయవచ్చు గానీ ఆ తలుపు బాగు చేయకూడదు. దాన్ని తీసేసి వేరే తలుపు పెట్టాలి, పాతదాన్ని ఆమె కళ్ల ముందే ముక్కలు కోయాలి. "పుట్టీ పెట్టి మూసినా, ఈడుండె చిల్లు, ఆడుండె చిల్లు అని వాడు వేలు పెట్టి చూపిస్తాడు. మా బావ సంగతి నీకు తెలీదు" అంది. కోస్తానని మాటిచ్చాను.

అన్నట్టే వారం తిరగకుండా వ్యాను వచ్చింది. ట్రాక్టరు లాగుతుంటే కొడుకు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఎండకు నల్లబడిన బక్క పిల్లవాడు, తండ్రి పోలికే. దిగి, "మామా, దీంట్లో నాకు తెలిసింది తిప్పుడొక్కటే" అని సిగ్గుగా నవ్వాడు. తల్లి నన్ను అన్నా అంటుంది కాబట్టి వాడికి నేను మామనయ్యాను. మేనమామ వరస మా దగ్గర ఊరికే పోయేది కాదు, ఆ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

బండి స్థితి చెప్పుకుంటే ఏడుపొస్తుంది. అడుగు రేకు అప్పడంలా విరిగింది. సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. కటకటాల సందుల్లో గొర్రెల ఉన్ని ఇంకా ఇరుక్కుని ఉంది, మూలల్లో పెంటికలు రాళ్లలా గట్టిపడ్డాయి. సీటు కింద పురుగు తిన్న గొంగడి ఒకటి, తాళ్లు, ఒక చేటెడు శనగపొట్టు. ఆ పొట్టు ఊడుస్తుంటే పిల్లవాడు వంగి గుప్పెట్లోకి తీసుకుని వాసన చూశాడు. ఏ వాసనా మిగిలి ఉండదు, పదిహేనేళ్లయింది. అయినా చూశాడు.

తలుపు విప్పి గోడకు ఆనించినప్పుడు అసలు సంగతి కనపడింది. ప్రతి చిల్లు పక్కనా మేకుతో గీసిన అంకె ఉంది. ఒకటి నుంచి పదిహేడు దాకా, చిన్నపిల్లల వంకర రాత. ఏడు తిరగేసి రాసి ఉంది. పొట్టేలు ఒంటి మీద పదకొండు చిల్లులు, బయట ఆరు. కళ్లకు మాత్రం ఏమీ కాలేదు, నేను రాసిన రోజు ఎలా చూసిందో అలాగే చూస్తోంది. నాకు మొదట కనపడింది ఆ కళ్లే. అంకెలు తర్వాత కనపడ్డాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి గదా, నేను అలాంటివాణ్ణి.

రెండు నెలలు పట్టింది పని. ఇంజను విప్పడానికి జమ్మలమడుగు నుంచి ఒక మెకానిక్కు వచ్చేవాడు. పిల్లవాడు రోజూ పొద్దున బస్సుకు వచ్చి ఆయన పక్కన నూనెలో మునిగి, సాయంత్రం బస్సుకు పోయేవాడు. నేర్పు ఉంది చేతుల్లో. ఒకసారి చూపిస్తే చాలు, రెండోసారికి ఆ పానా వాడి చేతిలోనే ఉండేది. ఇంజను మొదటిసారి దగ్గి, పొగ కక్కి, నిలదొక్కుకున్న రోజు వాడు గంతులేశాడు. ఇరవై ఏళ్లవాడు గంతులేయడం చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది.

ఆ రకం వ్యాన్లు తయారవడం ఆగిపోయి చాలా కాలమైంది. తలుపు ఎక్కడా దొరకలేదు. చివరికి పులివెందులలో పాత ఇనుము అంగడి ఒకదాంట్లో అదే జాతి బండి పడి ఉందని తెలిసి పోయాను. ఒకప్పుడు చీనీకాయలు మోసిన బండి. చక్రాలు లేవు, ఇంజను లేదు, రెండు తలుపులూ మాత్రం గట్టిగా ఉన్నాయి. రెండూ తెచ్చాను, ఎడమది కూడా తుప్పు తిన్నది కాబట్టి. బస్సు పైన వేస్తానంటే కండక్టరు ఒప్పుకోలేదు. "తలుపుకు టికెట్టు కొట్టాల్నా, కిటికీకి కొట్టాల్నా?" అని వెటకారం. ముద్దనూరు దాకా పోట్లాడుకుంటూ వచ్చాం.

కొత్త తలుపులు అమర్చాను. ఆమె శుక్రవారం వస్తానంది, పాత తలుపు కోయడం చూడటానికి. పెండ్లి నుంచి తిరిగొచ్చి కళ్లం ఖాళీగా చూసి కూడా రెండు నెలలు నోరెత్తని ఆమె బావ, గురువారం పొద్దున వచ్చాడు.

నేను సుత్తి గట్టిగా పట్టుకున్నాను. తిడతాడని, కొడతాడని, వెంట మనుషులు ఉంటారని. ఒక్కడే వచ్చాడు. నిదానమైన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదంటారు. స్టూలు మీద కూర్చుని, తెప్పించిన టీ తాగి, బండి చుట్టూ తిరిగాడు. "బాగా చేసినావప్పా. ఆయమ్మ ఆశపడింది, చేసుకోనీ. నేనెందుకు అడ్డమొస్తా? కాలం మారిపాయె" అన్నాడు. తర్వాత గోడ దగ్గరికి పోయి పాత తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఈ పొట్టేలు కండ్లు ఎట్ల రాసినావప్పా? ఇంటికొచ్చినోళ్లందరికీ చూపిస్తాంటి. ప్రొద్దుటూరులో ఒకాయన ఉండాడు, ఆయన చెయ్యి అని చెప్తాంటి. ఇట్లాటి పని మళ్లీ యాడా చూడలేదు. రేపు కోస్తారని పిల్లోడు చెప్పినాడు. దీన్ని కోయాలంటే నీకు చేతులెట్ల వస్తాయి?"

ముప్పై ఏళ్ల పనిలో నా బొమ్మను చూసి కూర్చున్న మనిషి ఆయనొక్కడే. అందరూ రంగు ఆరిందా లేదా అని గోరుతో గీకి చూసేవాళ్లే.

"నాకియ్యి. తమ్ముని గుర్తు. ఇంట్లో పెట్టుకుంటా" అన్నాడు.

ఇన్నేళ్లూ నేను అందరికీ చెప్పింది వేరు. బెదిరించాడని, కత్తి చూపించాడని, ప్రాణభయంతో ఇచ్చానని చెప్పుకున్నాను. మా ఇంట్లోవాళ్లకు కూడా అదే చెప్పాను. ఆయన నన్నేమీ బెదిరించలేదు. పొగిడాడు, అంతే. ఆ తలుపు కోయడానికి రెండు నెలలుగా నాకే మనసొప్పడం లేదు. అంకెలు చూసి కూడా ఒప్పలేదు. ఆయన అడిగేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది. గోనెసంచిలో చుట్టి నా చేతులతో ఆటోలో పెట్టాను.

శుక్రవారం ఆమె వచ్చేలోపల, తుప్పు పట్టిన ఎడమ తలుపును గ్యాసుతో ముక్కలు కోసి కుప్ప పోశాను. అదే పచ్చరంగు, అదే రేకు. "గ్యాసు అయిపోతాందని పొద్దున్నే కోసేసినా మ్మా" అన్నాను. ఆమె కుప్ప ముందు నిలబడి కాలితో ముక్కలు అటూ ఇటూ కదిపింది.

"పొట్టేలు తునకలు యాడన్నా?"

"ముందు కోసినవి పాత ఇనుమోడు తీస్కపోయినాడు. ఇవి మిగిలినాయి."

నా మొహంలోకి చూసింది. తోడబుట్టినవాడి మాటను ఎలా నమ్ముతారో అలా నమ్మింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "పీడ పాయె" అంది.

వ్యాను బయటికి తీసిన రోజు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. కొత్త తలుపు మీద ఏ బొమ్మా వద్దంది ఆమె, ఉత్త పచ్చరంగు. కొడుకు తోలాడు, ఆమె పక్క సీట్లో కూర్చుంది, నేను వెనక కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. పెద్దముడియం దారి మలుపులో టీ హోటలు ఒకటి ఉంది. దాని యజమాని ఒక ముసలాయన. బూతు దగ్గర చనిపోయిన పిల్లవాడి తండ్రి. ఆమె భర్త హత్య కేసులో ముద్దాయి కూడా. "ఆడ ఆపు" అంది ఆమె కొడుకుతో.

హోటల్లో వాళ్లు గ్లాసులు దించి చూశారు. ఆమె దిగి, బల్ల మీద కూర్చుని, "మూడు టీలియ్యి మామా" అంది. పనివాడు కదలబోతే ఆపి ముసలాయనే మూడు గ్లాసుల్లో పోసి తెచ్చాడు. తర్వాత వ్యాను దగ్గరికి వచ్చి డ్రైవరు తలుపు మీద అరచేత్తో నిమిరాడు.

"బాగా చేపించినావు మ్మా. చిల్లులు యాడుండెనో గూడా తెలీలేదు."

"తలుపే మార్పించినా మామా. పాతది తునకలై పాయె."

నేను టీ తాగుతున్నాను. నాలుక కాలింది, చప్పరించకుండా మింగేశాను.

ముసలాయన నా వైపు తిరిగాడు. "నువ్వేనా చేసింది? నా కాడ గూడా ఒకటుండాదప్పా. మా పిల్లోని మోటారు సైకిలు. గొడ్ల కొట్టంలో గోనెపట్ట కప్పి పెట్టినా. తెస్తా, చేసిపెట్టు" అన్నాడు. నెల తిరగకుండా తెచ్చాడు కూడా. ముందు చక్రం వంగిపోయి, టాంకు మీద సొట్టతో. ఆయనే దించి స్టాండు వేశాడు. పదిహేనేళ్ల తర్వాత దానికి ఎండ తగిలింది.

ఆ తర్వాత ఏడాదికి పైగా బాగానే గడిచింది. వ్యాను మైలవరం కాలువ కింది కూరగాయలు మోసింది, ఊళ్ల శనగ మోసింది. ముసలాయన ఇంటి శనగ మూటలు కూడా మోసింది. జమ్మలమడుగులో ఆఫీసు పని ఉంటే ముసలాయన ఆ వ్యానులోనే ముందు సీట్లో కూర్చుని పోయేవాడు. ఆ బండి వస్తుంటే ఎవరూ చేతిలో పని ఆపి చూడటం లేదని ఆమె ఒకసారి నాతో అంది. ఆమె ఒళ్లు కూడా కొంచెం చేసింది. ఈ బండి సంగతి అన్ని ఊళ్లలో చెప్పుకుంటున్నారంటే నేనూ మీసం తడుముకునేవాణ్ణి.

పిల్లవాడు బ్రేకులు చూపించడానికి షెడ్డుకు వచ్చేవాడు. ఒకరోజు పని అయ్యేదాకా ఊరికే కూర్చోక అన్నాడు.

"మామా, ఆ పొట్టేలుకు ఎడమ కొమ్ము మీద ఒక వరస తక్కువ రాసినావు. ఎరుకనా?"

"అప్పుడెప్పుడో రాసింది. నీకెట్ల గుర్తుండాది?"

"నిన్న చూసినా గదా. పెద్దనాయన ఇంట్లో. మంచం ఎదురుగా గోడకుండాది. బండి చేపించినప్పట్నుంచి అమ్మ ఆ గడప తొక్కదు గదా. దినాం అన్నానికి పిలుస్తాడు. ఈ మధ్య అమ్మకు చెప్పొద్దంటాడు."

మామూలుగానే అన్నాడు. కానీ వాడి చూపుడువేలు ఒళ్లో ప్యాంటు మీద నెమ్మదిగా ఒక్కో చోట ఆనుతూ పోతోంది. నేను చూశాను. ఆ సాయంత్రం బస్సెక్కి పోయి తల్లితో ఒక్క మాట చెప్పాల్సింది. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. ఆమె నన్ను అన్నా అనదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. అంతలో ఎలక్షన్లు వచ్చాయి.

ఎలక్షన్లతో పాటు లడ్లు తినిపించుకున్న నాయకులు మళ్లీ చెరో పార్టీలోకి పోయారు. జెండాలు వేరయ్యాయి, పల్లెల్లో వీధులు వేరయ్యాయి. పెద్దనాయనకు మళ్లీ పనిపడింది. తమ్ముడి ఇంటి నుంచి ఇంకా జవాబు రాలేదని నాయకుడి ముందు ఎవరో నవ్వారట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు.

ఆ రోజు పొద్దున పదిగంటలప్పుడు ముసలాయన ఎప్పటిలాగే వ్యాను ఆపి ముందు సీట్లో ఎక్కాడు. ఎవరికీ అనుమానం రాలేదు. వెంట మనిషి కూడా లేడు. ఆ బండంటే భయం పోయి చాలా కాలమైంది గదా, పోగొట్టింది మేమే. తండ్రి పోయిన కల్వర్టు దగ్గరే పిల్లవాడు బండి ఆపాడు. సీటు కింద కత్తి ఉంది. ముసలాయన కల్వర్టు మీదే ప్రాణం వదిలాడు, పొలాల్లో కోత కోస్తున్నవాళ్లు చూశారు. పిల్లవాడు వ్యాను తిప్పుకుని మైలవరం వైపు పోయాడు, ముసలాయన మనుషులు రెండు జీపుల్లో తరిమారు. కాలువ గట్టు మీద అందుకున్నారు. వాణ్ణి అక్కడే చంపి, వ్యానుకు నిప్పు పెట్టారు. మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సు దిగిన జనం నా షెడ్డు ముందు నిలబడి చెబుతుంటే విన్నాను. చక్రం సామాన్లు దొరక్క ఏడాదిగా షెడ్డులోనే ఉన్న ముసలాయన కొడుకు మోటారు సైకిలు టాంకు అప్పుడు నా చేతిలో ఉంది. సొట్ట తీసి, రెండో పూత రంగు వేస్తున్నాను.

నాలుగో రోజు దాని కోసం వాళ్ల మనుషులు వచ్చారు. "ఇంగ ఒక్క పూత ఉండాదప్పా" అన్నాను. "వద్దు. అట్లనే ఇయ్యి" అన్నాడు ఒకడు. వాడి వయసు కూడా ఇరవై ఉంటుంది. ట్రాలీలో పడుకోబెట్టి, మీద గోనెపట్ట కప్పి తీసుకుపోయారు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. నాయకులది ఒక పిడికెడు, పెద్దనాయనది ఒక పిడికెడు, ఓట్లు వేసిన మాదీ ఒకటి. అలా పంచుకుంటే నా వంతు తేలిక అవుతుందేమోనని చాలా ఏళ్లు పంచి చూశాను. కాలేదు.

కర్మకాండలు అయిన మర్నాడు మధ్యాహ్నం షెడ్డు ముందు ఆటో ఆగింది. ఆమె దిగింది. ఆటో లోపల నుంచి తలుపును తనే లాగి, రెండు చేతులతో మోసుకుని వచ్చి నా ముందు పెట్టింది. బావ ఇంటి గోడ నుంచి పెరికినప్పుడు మేకులు గీరుకున్నట్టున్నాయి, మోచేతుల దాకా గాట్లు. పొట్టేలు నన్ను చూస్తోంది. ఎడమ కొమ్ము మీద నిజంగానే ఒక వరస తక్కువ ఉంది.

తిడుతుందనుకున్నాను. మొహాన ఉమ్మేస్తుందనుకున్నాను. అవి చేసి ఉంటే బాగుండేది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"కోయి. నేను చూస్తా" అంది.

గ్యాసు వెలిగించాను. మంట నిలవలేదు, రెండుసార్లు ఆరింది. ముందు కళ్లు కోశాను. తర్వాత కొమ్ములు, మెడ, కాళ్లు. పాత రంగు కాలి షెడ్డంతా కమురు వాసన. ఆమె దగ్గింది గానీ లేవలేదు. ఒక్కో చిల్లును విడిగా కోయమంది. కోసిన ముక్క నేల మీద పడ్డప్పుడల్లా వంగి దాని మీది అంకె చూస్తోంది. ఏడు పడగానే చెయ్యి చాపింది.

"కాలుతాది మ్మా" అన్నాను.

వినలేదు. కొంగు చివర మడిచి దాంతో పట్టుకుని తీసుకుంది. నోటితో ఊదింది.

"వానికి ఏడు రాసేది రాలేదు. ఎన్నిసార్లు చేయి పట్టి దిద్దిచ్చినా తిరగేసేటోడు" అంది, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. కొంగులో ముడి వేసుకుంది.

పదిహేడో ముక్క పడింది. మంట ఆపేశాను. ఆమె లేచి చీర దులుపుకుంది. వాకిలి దాకా పోయి ఆగి, నా వైపు తిరిగింది. కోపం లేదు మొహంలో. తెలియని సంగతి ఒకటి పనివాణ్ణి అడిగినట్టే అడిగింది.

"ఇదే పని ఆ శుక్రవారం చేసింటే, వాడు ఈ పొద్దు మూటలు దించుతా ఉంటాడు గదా?"

"అవునమ్మా" అన్నాను.

తల ఊపి, బస్సు కోసం రోడ్డు దాటింది.